ధర చూస్తారు, ధరొక్కటే చూడరు

"మనవాళ్లకు ధర తప్ప ఇంకేదీ పట్టదు." వ్యాపారం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే ఏ చోటైనా ఈ మాట వినబడుతుంది. ఊళ్లో ఎలక్ట్రికల్ షాపు నడిపేవాళ్లు అంటారు. మాదాపూర్‌లో స్టార్టప్ పెట్టిన కుర్రాళ్లు అంటారు. ఎంబీఏ పాఠాలు చెప్పేవాళ్లూ అంటారు. కొనేవాడి తృప్తి, మర్యాద, అమ్మిన తర్వాతి సర్వీసు అనేవి డబ్బున్న దేశాల సంగతులట. ఇక్కడ నాలుగు రూపాయలు తగ్గిస్తే చాలట, ఎన్ని తిట్టుకున్నా మళ్లీ మన గుమ్మమే ఎక్కుతారట. ఈ మాట తప్పు. దీన్ని నమ్మి నడిపే వ్యాపారాల వల్ల మామూలు మనుషుల డబ్బు, సమయం, ఒక్కోసారి ఏడాది పంట కూడా పోతున్నాయి. అందుకే దీన్ని విని ఊరుకోవడం కుదరదు.

ముందు ఆ వాదనకున్న బలం ఒప్పుకోవాలి. మనది తక్కువ ఆదాయాల దేశం. షాంపూ సీసా కొనలేనివాళ్ల కోసం రూపాయి సాచెట్ పుట్టింది ఇక్కడే. కాల్ ఖర్చు మిగుల్చుకోవడానికి మిస్డ్ కాల్‌ని ఒక భాషగా వాడుకున్నది మనమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవక చేయగానే కోట్లమంది ఆ సిమ్ తీసుకున్నారు. కూరగాయల్లో కిలోకి ఐదు రూపాయలు తేడా ఉంటే రైతుబజారు దాకా నడిచి వెళ్లేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇదంతా నిజమే. అయితే ఈ నిజం చూపించి వాళ్లు నాలుగు నిర్ధారణలు చేస్తారు. చవకే గెలుస్తుందన్నది మొదటిది. జనం తిరిగొస్తున్నారు కాబట్టి తృప్తిగానే ఉన్నట్టు అన్నది రెండోది. ఫిర్యాదులు తక్కువ, రేటింగులు బాగున్నాయి కాబట్టి లోపమేమీ లేదన్నది మూడోది. సర్వీసు పెంచితే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే కొనేవాడు పారిపోతాడన్నది నాలుగోది. ఈ నాలుగింటిలో ఒక్కటీ నిలబడదు.

1. చవకే గెలిచేటట్టయితే

బంగారంతో మొదలుపెడతాను. 22 క్యారెట్ల గ్రాము రేటు పొద్దున్నే అందరికీ ఫోన్లో కనిపిస్తుంది. ఏ కొట్టుకి వెళ్లినా దాదాపు అదే రేటు. తేడా అంతా తరుగులోనూ మజూరీలోనూ ఉంటుంది. మనవాళ్లకు ధర తప్ప ఏదీ పట్టదన్న మాట నిజమైతే, పెళ్లి నగలు కొనే ప్రతి కుటుంబమూ తరుగు అందరికంటే తక్కువ వేసే కొట్టుకే వెళ్లాలి. వెళ్తున్నారా? అమ్మమ్మ కాలం నుంచి నమ్మిన కంసాలి దగ్గరికో, పేరున్న షోరూముకో వెళ్లి తరుగు కాస్త ఎక్కువ పడినా కొంటున్నారు. ఎందుకంటే బంగారం అసలు సంగతి కొన్ననాడు తెలియదు. ఆపదలో తాకట్టు పెట్టినప్పుడో, పాత గొలుసు మార్చి కొత్తది చేయించినప్పుడో తెలుస్తుంది. "అమ్మా, ఇందులో టంకం ఎక్కువ, ఇంత కటింగ్ పోతుంది" అన్న మాట విన్న ఆడవాళ్లకు ఆ కొట్టు పేరు జీవితాంతం గుర్తుంటుంది. తమ కూతురి పెళ్లికి ఆ మెట్లెక్కరు, చుట్టాలను ఎక్కనివ్వరు.

1990ల చివర్లో తనిష్క్ తన షోరూముల్లో కారట్ మీటర్లు పెట్టింది. నగను కరిగించకుండానే అందులో బంగారం ఎంతో ఆ యంత్రం చూపిస్తుంది. 22 క్యారెట్లని నమ్మి కొన్న నగల్లో అంతకంటే తక్కువ ఉందని ఎంతోమందికి అప్పుడే తెలిసింది. చవక మజూరీ వెనక ఏం జరుగుతోందో కళ్లతో చూశాక జనం ఎక్కువ మజూరీ ఇవ్వడానికి వెనకాడలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదన్నారు. కొనేవాడు ఎప్పటినుంచో కోరుతున్నదానికి చట్టం ఆలస్యంగా ముద్ర వేసింది, అంతే.

అంత ఖరీదైన వస్తువు కాబట్టి అలా అంటారా? బియ్యం తీసుకోండి. కొత్త బియ్యం చవక, పాత బియ్యం ప్రియం. కూలి డబ్బులతో బస్తా కొనే ఇళ్లలో కూడా కుదిరినప్పుడల్లా పాత సోనామసూరే అడుగుతారు, అన్నం పొడిపొడిగా రావాలి కాబట్టి. తెచ్చిన బస్తా రెండు పూటలు వండి చూసి "అన్నం ముద్దవుతోంది, వాపసు తీసుకో" అని కొట్టుకి పంపిస్తారు. తెలివైన కిరాణా వ్యాపారి మారు మాట్లాడకుండా తీసుకుని వేరే బస్తా ఇస్తాడు. తీసుకోనివాడి కొట్టుకి మర్నాటి నుంచి ఉప్పుకి కూడా రారు. పేదవాడికి ధర తప్ప ఏమీ తెలియదనేవాళ్లు ఒకరోజు ఆ కొట్టు ముందు నిలబడి చూడాలి. తక్కువ డబ్బున్నవాడే వస్తువును ఎక్కువ పరీక్షిస్తాడు. వాడికి రెండోసారి కొనే స్తోమత ఉండదు.

చవకకు పరాకాష్ఠ టాటా నానో. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించారు, 2009లో అమ్మకానికి పెట్టారు, లక్ష రూపాయల కారని ప్రపంచమంతా మాట్లాడుకుంది. గుజరాత్‌లోని సనంద్ ఫ్యాక్టరీని ఏడాదికి 2.5 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. ఏ ఒక్క ఏడూ అమ్మకాలు లక్ష చేరలేదు. 2018కల్లా తయారీ దాదాపు ఆగిపోయింది. కొన్ని కార్లు మంటల్లో చిక్కుకున్నాయన్న వార్తలు భయపెట్టాయి. "అందరికంటే చవక కారు" అన్న ముద్ర కొనేవాడి మనసు నొప్పించింది. ఆ ముద్ర పొరపాటని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నారు. అదే కాలంలో మధ్యతరగతివాళ్లు అప్పు చేసి మరీ మారుతి కార్లు కొన్నారు. ప్రతి పట్టణంలో మెకానిక్ దొరుకుతాడు, స్పేర్ పార్టు దొరుకుతుంది, అమ్ముకుంటే ధర పలుకుతుంది. ఇదీ వాళ్ల లెక్క. ధర ఆ లెక్కలో ఒక అంకె మాత్రమే.

తాజా ఉదాహరణ విద్యుత్ స్కూటర్లది. ఓలా ఎలక్ట్రిక్ దూకుడుగా ధరలు పెట్టి 2024 మొదట్లో ఆ మార్కెట్‌లో అందరికంటే ముందుంది. సర్వీసు సెంటర్ల ముందు బండ్లు పేరుకుపోయాయి. ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఆ కంపెనీ మీద 10 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. 2025లో టీవీఎస్, బజాజ్ దాన్ని దాటేశాయి. ఈ మార్పుకి కారణాలు ఇంకా ఉండొచ్చు. కానీ చవక స్కూటర్ తయారుచేసిన కంపెనీని, జిల్లా జిల్లాకీ డీలరూ వర్క్‌షాపూ ఉన్న పాత కంపెనీలు వెనక్కి నెట్టాయన్నది ఎవరూ కాదనలేరు. ధరొక్కటే చూసే జనం ఈ పని చెయ్యరు.

2. తిరిగొచ్చినవాళ్లంతా మెచ్చి వచ్చారా?

"తిట్టుకుంటారు, మళ్లీ వస్తారు" అన్నది వీళ్ల వాదనలో అందరికంటే గర్వంగా చెప్పే భాగం. అందరికంటే బలహీనమైన భాగం కూడా ఇదే. ఇష్టపడి రావడం వేరు, గతిలేక రావడం వేరు. ఈ రెంటినీ ఒకే లెక్కలో వేసుకున్న వ్యాపారి తన భవిష్యత్తు తానే తప్పుగా చదువుకుంటున్నాడు.

ల్యాండ్‌లైన్ కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. "ఓన్ యువర్ టెలిఫోన్" పథకం కింద ముందే డబ్బు కట్టినా నిరీక్షణ తప్పలేదు. గ్యాస్ కనెక్షన్‌కి ఎంపీ గారి సిఫారసు కాగితం కోసం తిరిగినవాళ్లూ ఉన్నారు. వానాకాలంలో లైను పోతే లైన్‌మన్ ఎప్పుడొస్తాడో తెలియదు, దసరాకి మామూలు ఇవ్వకపోతే అసలు వస్తాడో రాడో అన్న భయం. అయినా బిల్లు గడువు లోపే కట్టేవాళ్లు. ఆ రోజుల్లో లెక్కలు తీసి ఉంటే వాళ్లంతా ఏళ్ల తరబడి విడవని నమ్మకస్తులైన ఖాతాదారులుగా కనిపించేవారు. సెల్‌ఫోన్ చేతికందగానే ఆ "నమ్మకస్తులు" ఏం చేశారో మనకు తెలుసు. గోడకున్న పెట్టెలు బూజు పట్టాయి.

సెల్‌ఫోన్ కంపెనీలూ ఆ తప్పే చేశాయి. నంబరు మారితే చుట్టాలకు తెలియదు, బ్యాంకులో మార్చాలి, వ్యాపారం చేసుకునేవాడికి గిరాకీ పోతుంది. ఆ భయంతోనే చాలామంది సిగ్నల్ అందకపోయినా ఒకే కంపెనీని పట్టుకు వేలాడారు. 2011 జనవరి 20 నుంచి నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చింది. ఆ రోజు నుంచి "మీరు వెళ్లిపోవద్దు, మీకోసం ప్రత్యేక ఆఫర్" అంటూ ఫోన్లు మొదలయ్యాయి. అంతకుముందు అదే మనిషి, అదే ఫోను, అదే బిల్లు. మారిందల్లా తలుపు తెరుచుకోవడమే. తలుపు మూసి ఉన్నంతకాలం లోపలున్నవాళ్ల తృప్తి గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఈ మూసిన తలుపు అన్నిటికంటే క్రూరంగా కనిపించేది విత్తనాల కొట్టులో. జూన్‌లో తొలకరి పడగానే రైతు కొట్టుకి వెళ్తాడు. చేతిలో డబ్బుండదు. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ అదే డీలరు దగ్గర ఉద్దెరకు తీసుకుంటాడు, పంట వచ్చాక తీరుస్తాడు, ఒక్కోచోట పంట కూడా అదే డీలరుకి అమ్ముతాడు. డీలరు ఏ పత్తి ప్యాకెట్ చేతిలో పెడితే అదే చేలో వేస్తాడు. బిల్లు అడిగితే "ఉద్దెర లెక్కలో రాసుకున్నా పో" అంటాడు. కాయ పట్టలేదంటే "వాన సరిగ్గా పడలే, నీ భూమి అట్లుంది" అంటాడు. మరుసటి జూన్‌లో ఆ రైతు మళ్లీ అదే కొట్టుకి వస్తాడు, ఎందుకంటే పాత బాకీ అక్కడే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ రైతు తృప్తిపడి వచ్చాడా? ఆ రైతు ధర చూసి వచ్చాడా? ఉద్దెర వడ్డీతో కలిపితే అతను అందరికంటే ఎక్కువ ధరే కడుతున్నాడు.

ఈ సంగతిలో మన తెలుగు రైతులు సాధించిన ఒక పెద్ద తీర్పు ఉంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ నుంచి కొన్న విత్తనాలు సరిగ్గా పంట ఇవ్వలేదని ఆంధ్రప్రదేశ్ రైతులు జిల్లా వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు, పరిహారం గెలిచారు. సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, రైతులు వినియోగదారుల కిందికే రారని వాదించింది. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్షించలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదనీ అంది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ రెండు వాదనలనూ కొట్టేసింది. రైతు వినియోగదారుడే. కొన్న విత్తనమంతా విత్తుకునే రైతు, రేపు కోర్టుకి వెళ్లాల్సి వస్తుందేమోనని ముందే కొంత పక్కన దాచాలనడం కుదరదు. ఆ తీర్పు చదివినవాళ్లకు, మనవాళ్లు వస్తువు బాగోగులు పట్టించుకోరన్న మాట ఎంత అన్యాయమో అర్థమవుతుంది. పట్టించుకున్నారు, జిల్లా ఫోరం నుంచి ఢిల్లీ దాకా పోరాడారు.

3. ఫిర్యాదు రాలేదంటే

ఫిర్యాదులు తక్కువ కాబట్టి అంతా బాగున్నట్టేనన్నది తర్వాతి మాట. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన పుస్తకంలో దీనికి జవాబు దొరుకుతుంది. నైజీరియా రైల్వేలను చూసి ఆయనకొక ప్రశ్న వచ్చింది. లారీలతో అంత పోటీ ఉన్నా రైల్వే ఎందుకు బాగుపడటం లేదని. గట్టిగా నిలదీయగలిగినవాళ్లు ముందే లారీలకు మారిపోయారు, మిగిలినవాళ్లు నోరు విప్పలేదు. అందుకే పైవాళ్లకు ఒత్తిడే తెలియలేదు. నిశ్శబ్దాన్ని తృప్తి అనుకున్న ప్రతి వ్యాపారం ఈ ఉచ్చులోనే ఉంది. అడిగే ఓపిక ఉన్నవాడు ఆ సంస్థ బాగుపడుతుందని ఇంకా నమ్ముతున్నాడు. ఏమీ అనకుండా వెళ్లిపోయినవాడికి ఆ నమ్మకం పోయింది.

పైగా ఈ రోజుల్లో ఫిర్యాదును తీర్చడం కంటే ముయ్యడం మీదే ఎక్కువ తెలివి ఖర్చవుతోంది. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ డ్రమ్ము తిరగడం మానేసింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మెకానిక్ కుర్రాడు వచ్చి వెనక మూత విప్పాడు. బెల్టు బాగానే ఉంది, మోటారు పోయింది, పార్టు హైదరాబాదు నుంచి రావాలన్నాడు. తడి బట్టలు బకెట్లో పడేసి నేను నిలబడ్డాను. వెళ్లబోతూ "మేడమ్, మీ ఫోన్‌కి ఒక కోడ్ వచ్చి ఉంటుంది, చెప్పండి" అన్నాడు. పని కాలేదు కదా, కోడ్ ఎందుకన్నాను. "కొట్టకపోతే ఈ కాల్ నా పేరు మీద పెండింగ్ పడుతుంది మేడమ్. నెలాఖరుకి ఇన్సెంటివ్ కోసేస్తారు. పార్టు రాగానే నేనే కొత్త కంప్లైంట్ వేస్తా" అన్నాడు. ఆ కుర్రాడి ముఖం చూసి కోడ్ చెప్పాను.

చాలా కంపెనీలు ఆ కోడ్‌కి "హ్యాపీ కోడ్" అని పేరు పెట్టాయి. ఆ సాయంత్రం కంపెనీ కంప్యూటర్లో మా ఫిర్యాదు ఒక్కరోజులో పరిష్కారమైనట్టు, మేము ఆనందంగా ఉన్నట్టు నమోదై ఉంటుంది. ఎక్కడో బోర్డు మీటింగులో ఆ అంకెను చూసి మనవాళ్లకు ఇబ్బందులేమీ లేవని ఎవరో అనుకుని ఉంటారు. నాకు ఆ కుర్రాడి మీద కోపం లేదు. చేతిలో పార్టు లేకుండా, నిర్ణయం తీసుకునే అధికారం లేకుండా, కోతల భయంతో ఇంటింటికీ పంపిన వ్యవస్థ మీదే కోపం.

మరి కోర్టుకి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. 1986 చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. కొన్న ఊళ్లోనే కాకుండా మనం ఉండే ఊళ్లోనూ కేసు వెయ్యొచ్చు. పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది. ఆచరణలో వాయిదాలు ఏళ్లకు సాగుతాయి. రోజు కూలి వదులుకుని నాలుగు వేల మిక్సీ కోసం కమిషన్ మెట్లెక్కలేనివాడి మౌనం, అమ్మినవాడి పనితనానికి సర్టిఫికెట్ అవుతుందా?

4. బోర్డు, నక్షత్రం, కూపన్

"మేం తృప్తిని పట్టించుకోవడం లేదని ఎవరన్నారు, ఇన్ని చేస్తున్నాం కదా" అని ఎదురు ప్రశ్న వస్తుంది. చేస్తున్నవేమిటో చూద్దాం.

మొదటిది బోర్డు. కొనుగోలుదారుడు మన ఆవరణకు వచ్చిన అతి ముఖ్యమైన అతిథి అన్న అర్థంలో గాంధీజీ బొమ్మతో ఒక సూక్తి మన బ్యాంకుల్లో, షాపుల్లో వేలాడుతుంటుంది. 1890లో దక్షిణాఫ్రికాలో చేసిన ప్రసంగమని కొందరు కింద రాస్తారు. 1890లో గాంధీజీ లండన్‌లో లా చదువుతున్నారు. దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టింది 1893లో. ఆ మాటల పాత ఆచూకీ 1941 నాటి ఒక అమెరికా వాణిజ్య పత్రికలో, స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీ అమ్మకాల అధికారి పేరు మీద దొరుకుతుంది. గోడకు వేలాడదీసే ముందు ఆ మాట ఎవరిదో చూసుకోనివాళ్లు, ఆ మాట ప్రకారం నడుస్తున్నామంటే ఎలా నమ్మాలి?

రెండోది నక్షత్రాలు. 2003 డిసెంబరులో ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికా సలహాదారు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. మా కంపెనీ గురించి మీ స్నేహితుడికి చెబుతారా అన్న ఒక్క ప్రశ్న అడిగి, సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యమంటే చాలన్నారు. తొమ్మిది, పది వేసినవాళ్లు మెచ్చినవాళ్లు, సున్నా నుంచి ఆరు దాకా వేసినవాళ్లు మెచ్చనివాళ్లు. ఏడు, ఎనిమిది లెక్కలోకే రావు. ప్రపంచమంతా దీన్ని పట్టుకుంది. ఆ తర్వాత ఏమైందో కొత్త కారు తీసుకున్న ఎవరినైనా అడగండి. స్వీటు పెట్టి, ఫొటో తీసి, తాళం చేతిలో పెడుతూ "సర్వే కాల్ వస్తుంది సార్, పదే ఇవ్వండి, ఎనిమిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క" అంటాడు సేల్స్ కుర్రాడు. భోజనం తెచ్చినవాడు గేటు దగ్గర "అన్నా, ఫైవ్ స్టార్ కొట్టండన్నా" అని బతిమాలుతాడు. మనం ఇచ్చే నక్షత్రం అతని బతుకు మీద జాలితో ఇచ్చేది. సాంబారు చల్లారిపోయిందన్న సంగతి అందులో ఎక్కడా ఉండదు. రైకెల్డే 2021లో మళ్లీ అదే పత్రికలో, తన కొలతను కంపెనీలు దుర్వినియోగం చేస్తున్నాయని రాశారు.

కింది ఉద్యోగి జీతానికి ఒక అంకెను ముడిపెడితే ఆ అంకె ఎలాగోలా వస్తుంది, అసలు పని జరగదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ప్రతి ఖాతాదారుడికీ ఇన్ని పథకాలు అమ్మాలని సిబ్బందికి లక్ష్యాలు పెడితే, వాళ్లు ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. మన దగ్గర దొంగ రివ్యూల బెడద ఎంత ముదిరిందంటే, 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని భారత ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణమే తేవాల్సి వచ్చింది. అదీ పాటిస్తే పాటించవచ్చు, లేకపోతే లేదు.

మూడోది కూపన్. డబ్బు వాపసు ఇవ్వాల్సిన చోట, మళ్లీ మన దగ్గరే ఖర్చుపెట్టేటట్టు కూపన్ ఇచ్చి దాన్ని కస్టమర్ మీద ప్రేమ అంటారు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలా క్యాబ్స్‌ని ఈ విషయంలోనే ఆదేశించింది. రిఫండ్ బ్యాంకు ఖాతాకి కావాలో కూపన్‌గా కావాలో ప్రయాణికుడే ఎంచుకోవాలి, ప్రయాణానికి బిల్లు ఇవ్వాలి అని. ఎవరి డబ్బు వాళ్లకు తిరిగివ్వమని ఒక ప్రభుత్వ సంస్థ చెప్పాల్సి వచ్చింది! 2023 నవంబరులో నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో ఇలాంటి 13 రకాల మోసపు డిజైన్లను ఏకరువు పెట్టారు. బుట్టలో మనకు తెలియకుండా వస్తువు చేర్చడం, చివరి పేజీలో ధర పెంచడం, చేరడం సులువుగా మానడం కష్టంగా పెట్టడం అందులో ఉన్నాయి. ధరొక్కటే చూసే జనానికి చివరి పేజీ దాకా అసలు ధరే చూపించకుండా దాచేది ఎవరు? ఈ ఒక్క ప్రశ్నకు ఆ వాదన చేసేవాళ్లు జవాబు చెప్పాలి.

5. ఖర్చు ఎవరి నెత్తిన

సర్వీసు ఖర్చు ధరలో కలుస్తుందన్నది నిజం. సర్వీసు లేకపోవడం వల్ల అయ్యే ఖర్చు మాత్రం ఎవరూ లెక్క వెయ్యరు. మెకానిక్ ఒకే ఇంటికి మూడుసార్లు తిరిగిన పెట్రోలు, ఒకే మనిషి ఏడుసార్లు చేసిన ఫోనుకి కాల్ సెంటర్ జీతం, పోయిన గిరాకీ స్థానంలో కొత్తవాళ్లను తేవడానికి క్యాష్‌బ్యాక్‌లకూ ప్రకటనలకూ పోసిన డబ్బు, ఇవన్నీ వేరే వేరే ఖాతాల్లో పడతాయి. కాబట్టి సర్వీసు దండగలా కనిపిస్తుంది, ప్రకటన పెట్టుబడిలా కనిపిస్తుంది.

2003 అక్టోబరులో ముంబైలో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనిపించాయి. మొదట కంపెనీ దుకాణాల్లో నిల్వ సరిగ్గా లేదని అంది. దాంతో ఎవరూ శాంతించలేదు, అమ్మకాలు పడిపోయాయి. కొన్ని నెలల్లోనే కంపెనీ దారి మార్చి, యంత్రాలు తెప్పించి, చాక్లెట్ చుట్టూ వేడితో అతికే అల్యూమినియం రేకు వేసింది. ఆ తర్వాతే అమితాబ్ బచ్చన్ టీవీలో కనిపించి నచ్చజెప్పారు. అమ్మకాలు కోలుకున్నాయి. నాలుగైదు రూపాయల చాక్లెట్ కొనే పిల్లల తల్లిదండ్రులు కూడా రేకు అడిగారు. నేరం దుకాణదారుడి మీదికి తోసి, ప్రకటన ఒక్కటే చేసి ఊరుకుంటే ఆ కోలుకోవడం ఉండేదా? ఉండేది కాదు.

6. ఈ మాట ఎవరికి పనికొస్తుంది

ఇంత బలహీనమైన మాట ఇన్నేళ్లు ఎందుకు బతికింది? అమ్మేవాడికి అది హాయిగా ఉంటుంది కాబట్టి. నాసిరకం అమ్మితే తప్పు తనది కాదు, చవక కోరిన జనానిది. మెకానిక్‌లను తగ్గిస్తే తప్పు తనది కాదు, ఎక్కువ ధర ఇవ్వని జనానిది. బిల్లు ఇవ్వకపోవడం కూడా జనం కోసమే, జీఎస్టీ మిగులుతుందంటాడు. ఆ బిల్లు లేకపోతే రేపు హక్కు నిరూపించుకోవడం కష్టమని చెప్పడు. ఈ మాట విని విని కొనేవాళ్లు కూడా "మనం ఇచ్చిన డబ్బుకి ఇంతకంటే ఏం వస్తుందిలే" అని తల వంచుతున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. వంద రూపాయల వస్తువు కొన్నవాడికి వంద రూపాయల న్యాయం పూర్తిగా దక్కాలి. తక్కువ ధర పెట్టినవాడు తక్కువ హంగులు ఇవ్వొచ్చు. తక్కువ నిజాయితీ ఇచ్చే హక్కు అతనికి లేదు.

కాబట్టి తృప్తి గురించి మాట్లాడే ప్రతి వ్యాపారాన్నీ ఇకనుంచి నాలుగు పనులతోనే తూచాలని నా వాదన. అడగకుండానే బిల్లు చేతికివ్వాలి. చేరిన దారిలోనే, అంతే సులువుగా బయటికి వెళ్లనివ్వాలి. గుమ్మం ముందుకొచ్చిన మెకానిక్‌కీ కౌంటర్లో కుర్రాడికీ మార్చి ఇచ్చే, వాపసు తీసుకునే అధికారం ఇవ్వాలి. తమ జీతం కోసం కోడ్‌లూ నక్షత్రాలూ అడుక్కునే దుస్థితి వాళ్లకు తప్పించాలి. వస్తువు బాగుపడిందని కొన్న మనిషి చెప్పేదాకా ఫిర్యాదు ముయ్యకూడదు. బాగు కాకుండానే ముయ్యడాన్ని మోసపు డిజైన్ల జాబితాలో పద్నాలుగోదిగా చేర్చాలి. ప్రభుత్వం ఈ పని రేపే చెయ్యొచ్చు, కొత్త చట్టం అక్కర్లేదు.

కొనేవాళ్లం కూడా ఊరుకోకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చెయ్యడానికి డబ్బు ఖర్చు కాదు. కోడ్ అడిగితే పని అయ్యాకే చెబుతామనాలి, ఆ కుర్రాడి ఇన్సెంటివ్ కోస్తే కంపెనీకి అతని తరఫున మనమే రాయాలి. వచ్చే జూన్‌లో విత్తనాల కొట్టు ముందు నిలబడే ప్రతి రైతూ, ఉద్దెర అయినా సరే, లాట్ నంబరు రాసిన బిల్లు చేతికొచ్చాకే ప్యాకెట్ సంచిలో వేసుకోవాలి. ఇవ్వనన్న డీలరు లైసెన్సు సంగతి వ్యవసాయ శాఖ తేల్చాలి.